మేత ఆపాల్సిన రోజు

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు 10 టన్నుల దాకా చెత్త మిగులుతుంది. దాన్నుంచి 500 యూనిట్ల దాకా కరెంటు, 30 కిలోల దాకా గ్యాస్ తీస్తున్న ప్లాంటు గురించి 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. టెక్నాలజీ మన తార్నాకలోని పరిశోధన సంస్థ ఐఐసీటీది. ఇలాంటి ప్లాంట్లకు వచ్చినవాళ్లు ఇటు చెత్త కుప్పనూ, అటు వెలిగే బల్బునూ చూసి వెళ్లిపోతారు. మధ్యలో ఉన్న డైజెస్టర్ ట్యాంకును పట్టించుకునేవాళ్లు తక్కువ. ఈ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి నాకు మాత్రం ఎప్పుడూ దాని మీదే ధ్యాస.

స్థూలంగా చెప్తే ట్యాంకులో రెండు జట్ల సూక్ష్మజీవులుంటాయి. ఒక జట్టు చెత్తను కుళ్లబెట్టి ఆమ్లాలు చేస్తుంది, రెండోది వాటిని మీథేన్‌గా మారుస్తుంది. మొదటివి గంటల్లో రెట్టింపవుతాయి, రెండోవాటికి రోజులు పడుతుంది. చిక్కంతా ఇక్కడే. టమాటా ధర పడిపోయి బండ్లకొద్దీ సరుకు పారబోసిన రోజున, వచ్చిందంతా ట్యాంకులోకి తోస్తే ఆమ్లం పేరుకుపోతుంది. పెళ్లింట మిగిలిన అన్నం గంపెడు తిన్న గేదె ఏమవుతుందో పల్లెలో పెరిగినవాళ్లకు తెలుసు. పొట్ట ఉబ్బుతుంది, నెమరు ఆగిపోతుంది, పశువైద్యుడు వంటసోడా తాగించమంటాడు. ట్యాంకుకు పట్టేదీ అలాంటి జబ్బే. సోడా దీనికీ పనిచేస్తుంది.

పేడతో నడిచే ఇంటి గోబర్ గ్యాస్‌కు ఈ బాధ తక్కువ. పేడ అంటేనే పశువు పొట్టలో ఒక విడత అరిగి వచ్చింది, పైగా పులుపును తట్టుకునే క్షారగుణం దానిలోనే ఉంది. గోబర్ గ్యాస్ చూసి పెరిగిన మనం ట్యాంకు దానంతటదే నడుస్తుందనుకోవడానికి కారణం అదే. కూరగాయలు, హోటల్ అన్నం అలా ఊరుకోవు.

జబ్బు మొదలైన రోజుల్లో గ్యాస్ మీటర్ నమ్మించి మోసం చేస్తుంది. అంకె పెరుగుతుంది, అందరూ సంతోషిస్తారు. పెరిగింది కార్బన్ డయాక్సైడ్ అని చాలామందికి తట్టదు. పొయ్యి వెలిగించి చూస్తే మంట నిలవదు, బర్నర్ మీంచి పైకి లేచి ఆరిపోతుంది. పీహెచ్ మీటరైతే ఇంకా ఆలస్యం. ట్యాంకులోని బైకార్బొనేట్ వచ్చిన ఆమ్లాన్ని వచ్చినట్టే మింగేస్తుంది కాబట్టి, అది అయిపోయేదాకా మీటర్ 7 దగ్గరే ఉంటుంది. అంకె 6.5కు దిగేసరికి మీథేన్ చేసే జట్టు సగం మూలనపడి ఉంటుంది.

అందుకే నా నమ్మకమంతా ఆమ్లాన్ని చుక్కల్లో కొలిచి వదిలే గాజు గొట్టం, బ్యూరెట్ మీద. ట్యాంకు వాల్వ్ తిప్పి మొదటి బకెట్ వదిలేయాలి, అది పైపులో నిలవున్న స్లరీ. తర్వాతి దాన్ని సన్న జల్లెడలో వడగట్టి 20 మిల్లీలీటర్లు బీకరులో పోసి, 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా వదలాలి. పీహెచ్ 5కు దిగేదాకా పట్టిన ఆమ్లం క్షారతకు లెక్క, అక్కణ్నుంచి 4.4 దాకా పట్టింది ట్యాంకులో పేరుకున్న ఆమ్లాలకు లెక్క. బీకరులో బుడగలు పొంగుతాయి. పొంగు తగ్గేదాకా ఆగి ఆగి వేయాలి, తొందరపడితే రీడింగ్ తప్పుతుంది. సూత్రంలో వేసి ఆమ్లాలను క్షారతతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.3, 0.4 మధ్య ఉంటే బాగున్నట్టేనని పట్టికలు చెప్తాయి. నేను పట్టికకంటే ట్యాంకు చరిత్రను ఎక్కువ నమ్ముతాను. నెలల తరబడి 0.2 దగ్గర నిలకడగా ఉన్నది వారంలో 0.4కు ఎక్కిందంటే, పట్టిక ఏమన్నా సరే, మేత తగ్గించాల్సిందే.

సోడా కలిపితే కొంత ఊపిరి తిరుగుతుంది, అంతే. సున్నం గుమ్మరించడం నాకు బొత్తిగా ఇష్టం ఉండదు. అది కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని సున్నపురాయిగా అడుగున చేరుతుంది. అసలు వైద్యం మేత ఆపి, తాజా పేడో, బాగున్న ట్యాంకు స్లరీయో పోసి, నిష్పత్తి దిగొచ్చాక కొంచెం కొంచెంగా మళ్లీ మొదలుపెట్టడం.

ఆపడమే ఎవరికీ చేతకాదు. ఎన్ని టన్నులు తీసుకున్నావన్నదాన్ని బట్టే బిల్లు వచ్చే చోట, ఈ రోజు ఏమీ వేయొద్దని చెప్పే ధైర్యం షిఫ్టు ఆపరేటర్‌కు ఎక్కణ్నుంచి వస్తుంది? బ్యూరెట్ ముందు నిలబడేవాడికే మేత ఆపే అధికారం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ రోజు వచ్చే లారీలు ఎక్కడ దించాలో ముందే తేల్చి, ప్లాంటు పక్కనే కంపోస్టుకు నాలుగు రోజుల చెత్త పట్టేంత జాగా వదలాలి. కొత్త ప్లాంటు నక్షా ఎవరు తెచ్చి చూపించినా నేను ముందు వెతికేది ఆ జాగా కోసమే.