శాంతి ఎవరిది? భద్రత ఎవరికి?

అసెంబ్లీలో శాంతిభద్రతల చర్చ మొదలైతే హత్యలు పెరిగాయని ప్రతిపక్షం, తగ్గాయని ప్రభుత్వం వాదిస్తాయి. కుర్చీలు మారితే మాటలూ తారుమారవుతాయి. పోలీసులు చాలరు, ఇంకా పెంచాలి అనే దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటే. పోలీసులుండగానే దళితులెట్లా చచ్చారన్న ప్రశ్న ఆ చర్చలోకి రాదు. మేం దాన్నే అడగదలిచాం.

1970లో కర్నూలు నుంచి విడిపోయి ప్రకాశం జిల్లాలో కలిసిన కంభం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతానికి పోలీసులు కొత్త కాదు. 2004 అక్టోబరులో నక్సలైటు నాయకులు చర్చల కోసం నల్లమల దాటి బయటికొచ్చింది ఈ పడమటి ప్రకాశంలోనే. 2005 ఆగస్టులో మళ్లీ నిషేధం, మళ్లీ కూంబింగ్. రాజ్యం తలుచుకుంటే అడవి లోపలిదాకా వస్తుందని ఇక్కడి ఊళ్లకు తెలుసు. కాబట్టి మాదిగపల్లె దూరమైందంటే మేం నమ్మం.

ఆ రోజుల్లో ఇదే జిల్లాకు తూర్పు కొసన ఉన్న కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు మాదిగలను చంపారు. సుప్రీంకోర్టులో కేసు తేలేసరికి 2008 వచ్చింది. గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను తరిమి చంపారు. అక్కడ పోలీసులు లేరా? ఉన్నారు. ఊళ్లో పికెట్ ఉండగానే చంపారు. పారిపొమ్మన్నది పోలీసులేనని బతికి బయటపడినవాళ్లు చెప్పారు.

ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జులైలో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చావు ఎప్పుడు, ఎక్కడ జరిగింది, కొట్టింది ఎవరు అన్నది ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదంది. రుజువులు సేకరించాల్సింది ఎవరు? శవాలను మోసుకున్న దళితులా, జీతం తీసుకునే పోలీసులా?

ఇక్కడే అసలు మోసం ఉంది. కేసు కొట్టేస్తే అది అబద్ధపు కేసంటారు. అట్లాంటి కేసులన్నీ కలిపి అట్రాసిటీ చట్టం దుర్వినియోగం అవుతోందంటారు. మరి చుండూరులో ఎనిమిది శవాలు అబద్ధమా? పోలీసు చేసిన తప్పు చివరికి దళితుడి మీద సాక్ష్యమైపోతోంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఎఫ్.ఐ.ఆర్.కు ముందే విచారణ చెయ్యాలన్నదీ ఈ దుర్వినియోగం మాటతోనే. ఏప్రిల్ 2 బంద్‌తో జనం వీధికెక్కాక గానీ పార్లమెంటు దాన్ని సరిదిద్దలేదు.

1989 చట్టంలో నాలుగో సెక్షన్ ఒకటుంది. ఫిర్యాదు రాసుకోకపోయినా, సాక్షుల మాట నమోదు చెయ్యకపోయినా, 60 రోజుల్లో చార్జిషీటు వెయ్యకపోయినా, అది కావాలని చేసిన నిర్లక్ష్యమైతే, దళితేతర అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. కానీ కేసు పెట్టాలంటే ముందు శాఖాపరమైన విచారణ సిఫారసు చెయ్యాలి. అంటే పోలీసు తప్పును మళ్లీ పైఅధికారే తేల్చాలన్నమాట. స్టేషన్‌కు పోయినవాణ్ణి "పెద్దమనుషుల్లో తేల్చుకోండి పోండ్రా" అని పంపేవాళ్ల ధైర్యం అదే.

మా ఉద్యమాల లోపం కూడా ఒప్పుకోవాలి. నిందితుల్ని అరెస్టు చెయ్యమని ధర్నాలు చేశాం, నష్టపరిహారం అడిగాం. నాలుగో సెక్షన్ కింద ఎంతమంది అధికారుల్ని బోనెక్కించారని మండల కేంద్రం నుంచి అసెంబ్లీ దాకా పట్టుబట్టి అడగలేదు.

కొత్త స్టేషన్ల లెక్క తర్వాత చెప్పొచ్చు. ముందు ఈ లెక్క చెప్పమనండి.