వేస్టు అని రాసిన నేల

కావలి నుంచి తడ దాకా తీరం వెంట ఏ ఊళ్లో భూమి తగాదా తిరగేసినా అడుగున రెండు మూడు పాత ఇంగ్లీషు మాటలు తగులుతాయి. డైగ్లాట్, అసెస్డ్ వేస్ట్ డ్రై, అనసెస్డ్ వేస్ట్. ఇంగ్లీషు చదవని రైతు కూడా ‘అది ఏడబ్ల్యూడీ’, ‘మాది డీకేటీ పట్టా’ అని తడుముకోకుండా చెబుతాడు. ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కన అచ్చేసిన సెటిల్‌మెంటు రిజిస్టరే డైగ్లాట్. డీకేటీ అయితే అసలు ఇంగ్లీషే కాదు, దరఖాస్తును కచేరీ గుమాస్తాలు మూడక్షరాలకు కుదించిన రూపం. ఇవన్నీ జనం నోట నలిగిపోయాయి గానీ, వీటి అర్థాలు మాత్రం కచేరీ గడప దాటి రాలేదు. అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసింది ‘వేస్ట్’ అనే మాట అని నేననుకుంటాను. అది నేల గుణం చెప్పే మాట కాదు, శిస్తు లెక్కకు సంబంధించిన మాట. దాన్ని మనం ‘పనికిరానిది’ అని చదువుకుంటూ వచ్చాం.

ఆ మాట పుట్టిన చోటే చూద్దాం. 1086లో ఇంగ్లండు రాజు విలియం ఊరూరి ఆస్తుల లెక్కా తీయించి డూమ్స్‌డే బుక్ రాయించాడు. అందులో, ముఖ్యంగా యార్క్‌షైర్ పద్దుల్లో, ఎన్నో ఊళ్లకు ఎదురుగా లాటిన్‌లో ‘వాస్తా’ అని ఉంది. రాజు సైన్యం తగలబెట్టిన ఊళ్లవి అని చాలాకాలం అనుకున్నారు. ‘వాస్తా’ అన్న పద్దుల్లోనే కొన్నిచోట్ల మనుషులూ రాబడీ కనబడేసరికి, ఊరు పాడుబడిందని కాదు, దానినుంచి పన్ను రాలేదని మాత్రమే దాని భావం కావచ్చునని తర్వాతి చరిత్రకారులు కొందరు వాదించారు. 1235 నాటి మెర్టన్ చట్టం ఇంకా స్పష్టం. దొర తన వేస్టుకు కంచె వేసుకోవచ్చు, కానీ అక్కడ మేత హక్కున్న రైతుల పశువులకు చాలినంత వదిలిపెట్టాలి. అంటే వేస్టు అనగానే ఊరివాళ్ల హక్కులు దాంతోపాటే ఉండేవి. దున్నక ప్రకృతికి వదిలేసిన నేలను వేస్టు అంటారనీ, దాని వల్ల దక్కేది దాదాపు శూన్యమనీ తత్వవేత్త జాన్ లాక్ చెప్పింది ఆ తర్వాత నాలుగున్నర శతాబ్దాలకు. మన తలకెక్కింది ఈ లాక్ గారి అర్థమే.

ఇక మన తీరానికి వద్దాం. 1801లో నెల్లూరు ఆర్కాటు నవాబు నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. తర్వాత జరిగిన రైత్వారీ సెటిల్‌మెంట్లలో శిస్తు రేటు కట్టినా పట్టాదారు లేని నేల అసెస్డ్ వేస్ట్, రేటే కట్టనిది అనసెస్డ్ వేస్ట్. ఇందులో ఇసుక, చవుడు, రాయి ప్రసక్తి లేదు. పైగా పంట పండదనుకున్న నేలకు ఏ అధికారైనా ఎకరానికింత అని రేటు కడతాడా? అసెస్డ్ అన్న మాటే ఆ నేల సాగుకు పనికొస్తుందని ఒప్పుకుంటోంది. ఇక రేటు కట్టనివాటి సంగతి. 1805లో ఉప్పును గుత్త చేసుకున్న కంపెనీకి, నాగలి దిగని చవిటి నేల ఎంత రాబడి ఇస్తుందో బాగా తెలుసు. పట్టపుపాళేల్లో చేపలు ఎండేసేది, వలలు ఆరేసుకునేది, యానాదులు పీతలు పట్టేది, ఊరి గొడ్లు మేసేది ఇలాంటి నేలల్లోనే. ఈ బతుకుతెరువులకు శిస్తు రిజిస్టరులో గడి లేదు.

తీరం నిజంగానే చవుడు కదా, వరి పండని దాన్ని వేస్టు అంటే తప్పేమిటి అని అడగవచ్చు. తీరప్రాంత నియంత్రణ మండలాలపై కేంద్రం 2011లో ఇచ్చిన నోటిఫికేషన్ తీయండి. ఇసుక తిప్పలు, బురద మేటలు, ఉప్పు చిత్తడి, మడ అడవులు అందులో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న మొదటి తరగతిలో ఉన్నాయి. ఒకే నేల ఒక దస్తావేజులో వేస్టు, ఇంకోదాంట్లో ముట్టుకోరానిది. రొయ్యల చెరువుల కేసులో 1996 డిసెంబరులో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు కూడా ఉప్పు కయ్యలనూ, చిత్తడినీ, ఊరుమ్మడి అవసరాల నేలనూ చెరువులుగా మార్చకూడదంది. తీర ఆక్వాకల్చర్‌పై 2005లో వచ్చిన చట్టం ఆ తీర్పు బిగింపును చాలావరకు సడలించిందనుకోండి, అది వేరే కథ.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ ఒకటుంది. మాట అర్థం ఏదైనా ఆ నేల సర్కారుది, ఓడరేవుకో థర్మల్ కేంద్రానికో ఇవ్వడం సర్కారు ఇష్టం అంటారు. ఆ నేల సర్కారుదే, కాదనను. అయితే ఆ యాజమాన్యానికి ఆధారమైన 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టంలోని రెండో సెక్షనే, దారి హక్కులకూ ఇతర ప్రజా హక్కులకూ చెల్లుబాటులో ఉన్న ఆచార హక్కులకూ లోబడి అని షరతు పెట్టింది. మెర్టన్ నాటి షరతు ఆరున్నర శతాబ్దాలు దాటాక మద్రాసులో మళ్లీ మొలిచిందన్నమాట. సర్కారుదన్న ముక్క అందరూ చదువుతారు, లోబడి అన్న ముక్క దగ్గర చూపు జారిపోతుంది.

మాట మార్చి తెలుగు పెడితే సరి అనేవాళ్లతో నేను ఏకీభవించలేను. బంజరు అన్నాం, ఏం ఒరిగింది? దారి, చెరువు, శ్మశానం, మేతబీడు అన్నీ పోరంబోకు కిందికే వస్తాయి; ఊరికి అంత అవసరమైన నేల పేరు చివరికి తిట్టు అయి కూర్చుంది. మాట అదే ఉండనిచ్చి పక్కన తాత్పర్యం రాయడం మేలు. రిజిస్టరులో పట్టాదారు పేరుండాల్సిన గడిలో గుమాస్తాలు పెట్టిపోయిన చుక్కల సంగతి తేల్చడానికి 2017లో ఆంధ్రప్రదేశ్ ఏకంగా చట్టమే చేసింది. రీసర్వే ఇప్పుడు డ్రోన్లతో, రోవర్లతో హద్దులను సెంటీమీటర్ల లెక్కన సరిచేస్తోంది. ఆ పనిలోనే ‘వేస్ట్’ అన్న ప్రతి నంబరు ఎదుటా శిస్తు లేనందుకు అలా రాశారా, పట్టాదారు లేనందుకు రాశారా, ఇవాళ దాన్ని వాడుకుంటున్నది ఎవరు అన్న మూడు సంగతులూ గ్రామసభలో అడిగి తెలుగులో నమోదు చేయాలి. ఆ నమోదు లేని నంబరును ఎవరికీ కేటాయించకూడదు.