ఇసుక కుప్పలో దాగిన లెక్క: దీపక్ ధర్ కృషిపై ఒక పరిశీలన

సాంఖ్యక యాంత్రిక శాస్త్రంలో మూడేళ్ళకొకసారి ఇచ్చే బోల్ట్‌జ్‌మన్ పతకం 2022లో తొలిసారిగా ఒక భారతీయునికి దక్కింది. ఆయన దీపక్ ధర్. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో దశాబ్దాల పాటు పనిచేసిన సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త. ఆయన గురించి చెప్పేటప్పుడు భూకంపాలు, అడవి మంటలు, షేర్ మార్కెట్ల ప్రస్తావన తేవడం పరిపాటి. వినడానికి ఆకర్షణీయంగా ఉన్నా, ఈ పరిచయం ఆయన చేసిన అసలు పనిని మరుగుపరుస్తుందని నా అభిప్రాయం.

ముందుగా సమస్య ఏమిటో చూద్దాం. నీటిని సుమారు 374 డిగ్రీల సెల్సియస్, 218 వాతావరణాల పీడనం వద్దకు తెస్తే ద్రవానికీ ఆవిరికీ తేడా చెరిగిపోతుంది. దీన్ని సందిగ్ధ స్థితి అంటారు. మనం పని గట్టుకొని ఉష్ణోగ్రతనూ పీడనాన్నీ సరిదిద్దితేగాని ఇది రాదు. మరి ఎవరూ సరిదిద్దకుండానే ఒక వ్యవస్థ తనంతట తానే ఇటువంటి స్థితికి చేరగలదా? చేరగలదని 1987లో పెర్ బాక్, చావ్ తాంగ్, కర్ట్ వీసెన్‌ఫెల్డ్ అన్నారు. ఉదాహరణగా ఒక ఇసుక కుప్ప నమూనాను చూపారు.

నమూనా చాలా తేలిక. గళ్ళ కాగితం తీసుకోండి. ఒక్కొక్క గింజను ఏదో ఒక గడిలో వేస్తూ పోండి. ఏ గడిలోనైనా 4 గింజలు చేరితే అది పొర్లుతుంది, అంటే నాలుగు వైపులా ఒక్కో గింజను పంపుతుంది. అంచు దాటినవి బయట పడిపోతాయి. ఒక గడి పొర్లితే పక్కది, దాని పక్కది, ఇలా చిన్నా పెద్దా జారుడులు పుడతాయి. బాక్ బృందం దీన్ని కంప్యూటర్ మీద నడిపి చూసింది. చూడటం వేరు, నిరూపించడం వేరు. నిరూపణ వైపు నుంచి ధర్ వచ్చారు.

రెండు పక్కపక్క గడుల్లోనూ 4 గింజలున్నాయనుకుందాం. ఎడమది ముందు పొర్లితే అది 0 అవుతుంది, కుడిది 5 అవుతుంది. ఇప్పుడు కుడిది పొర్లి 1కి దిగి, ఎడమదానికి 1 తిరిగి ఇస్తుంది. చివరికి రెండింట్లోనూ ఒక్కొక్కటే. కుడిదానితో మొదలుపెట్టినా ఫలితం ఇదే. ఎంత పెద్ద కుప్పకైనా, ఏ క్రమంలో పొర్లించినా తుదిరూపం మారదని ధర్ 1990లో చూపారు. కూడికలో మీరు చదివిన స్థిత్యంతర ధర్మమే ఇది! అందుకే నార్వే గణితజ్ఞుడు ఆబెల్ పేరు మీద దీన్ని ఆబేలియన్ ఇసుక కుప్ప అంటారు.

ఈ చిన్న గమనింపుతో చాలా తలుపులు తెరుచుకొన్నాయి. 2×2 గళ్ళ కాగితంపై, గడికి 0 నుంచి 3 గింజల చొప్పున, 256 అమరికలు సాధ్యం. కాని గింజలు వేస్తూ పోతే చివరకు మళ్ళీ మళ్ళీ కనిపించేవి 192 మాత్రమే. అవన్నీ సమాన సంభావ్యతతో వస్తాయి. ఉదాహరణకు పక్కపక్క గడులు రెండూ ఖాళీగా ఉన్న అమరిక మొదట్లో ఉండవచ్చు, తర్వాత రాదు. ఖాళీ కావాలంటే గడి పొర్లాలి, పొర్లితే పక్కదానికి గింజ చేరక తప్పదు మరి. ఈ 192 ఒక నిర్ధారకం విలువ. వలయాలు లేకుండా గడులన్నింటినీ, అంచు బయటి చోటునూ కలిపే చెట్ల వంటి పటాలను లెక్కించినా ఇదే సంఖ్య వస్తుంది. విద్యుత్ వలయాల కోసం కిర్కాఫ్ 1847లో చేసిన లెక్క ఇసుక కుప్పలో తేలడం నిజంగా విశేషం. తన విద్యార్థి సత్య మజుందార్‌తో కలిసి ధర్ మరో ఫలితం కూడా రాబట్టారు. చాలా పెద్ద కుప్పలో ఖాళీ గడులు దాదాపు 7.4 శాతం ఉంటాయి.

ఇక విమర్శ సంగతి. ఈ నమూనా ఇసుక కాదు. నిజమైన ఇసుక ఎత్తును బట్టి కాదు, వాలును బట్టి జారుతుంది. పొర్లే నియమాన్ని వాలుకు ముడిపెడితే సాధారణంగా ఆ స్థిత్యంతర ధర్మం పోతుంది. అంటే లెక్కను సాధ్యం చేసిన వెసులుబాటే నమూనాను వాస్తవానికి దూరం చేసింది. 1989లో షికాగో పరిశోధకులు ఇసుకతో ప్రయోగం చేస్తే అన్ని పరిమాణాల జారుడులకు బదులు పెద్ద జారుడులే ఇంచుమించు క్రమంగా వచ్చాయి. కదిలిన ఇసుక తన ఊపుతో ఆగకుండా పోవడమే కారణం. 1996లో ఓస్లోలో బియ్యంతో చేసినప్పుడు పొడుగు గింజల కుప్ప సిద్ధాంతానికి దగ్గరగా వచ్చింది, గుండ్రని గింజలది రాలేదు. అదే ఏడు బాక్ తన పుస్తకానికి 'హౌ నేచర్ వర్క్స్' అని పేరు పెట్టారు. ప్రకృతి మొత్తం పనితీరు ఇదేనని సూచించే ఆ పేరు నాకు అతిగా తోస్తుంది.

ఈ లోపం ధర్ పనిని తాకదు. ఆయన సాధించింది నమూనాను, ప్రకృతిని కాదు. తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులైన రామకృష్ణ రామస్వామితో కలిసి 1989లో రాసిన పత్రాన్ని నేను ఇంకా ఎక్కువగా మెచ్చుకొంటాను. గింజలు ఒకే దిశలో కిందికి దొర్లే కుప్పలో ఏ పరిమాణపు జారుడు ఎంత తరచుగా వస్తుందో అందులో కచ్చితంగా లెక్కగట్టారు. జారుడు పరిమాణం పెరిగేకొద్దీ దాని సంభావ్యత ఆ పరిమాణపు 4/3వ ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. నాలుగు వైపులా పొర్లే మామూలు కుప్పకు మాత్రం ఈ ఘాతాంకాన్ని అందరూ ఒప్పుకొనే విధంగా ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. గళ్ళ కాగితమూ, గుప్పెడు చింతపిక్కలూ ఉంటే ఆ సమస్య ఎక్కడ మొదలవుతుందో మీరూ చూడవచ్చు.