‘నటించలేదు, జీవించాడు’: జె.వి. సోమయాజులు నటనను విమర్శ చూసిన తీరు

వ్యాససంగ్రహం:
జొన్నలగడ్డ వెంకట సోమయాజులు రంగస్థలంపై ‘కన్యాశుల్కం’ రామప్ప పంతులుగా, వెండితెరపై ‘శంకరాభరణం’ శంకరశాస్త్రిగా ప్రసిద్ధులు. రెండో పాత్రకు లభించిన ప్రశంస మొదటి పాత్రను మరుగుపరచడమే కాక, నటుని శ్రమను కూడా మరుగుపరచిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రెండు పాత్రలను పక్కపక్కన ఉంచి చదవడం ద్వారా ఆ శ్రమను గుర్తించే మార్గాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: రంగస్థలం, సినిమా, ఆంగికం, వాచికం, కన్యాశుల్కం, శంకరాభరణం, నట విమర్శ.

1. ప్రవేశిక

తెలుగులో నటుని గురించి రాసేటప్పుడు విరివిగా వాడే ప్రశంస ఒకటుంది: ‘ఆ పాత్రలో ఆయన నటించలేదు, జీవించాడు.’ ఇది అత్యున్నతమైన మెప్పుగా చెలామణీ అవుతోంది. జాగ్రత్తగా చూస్తే ఇందులో ఒక నిరాకరణ ఉంది. నటించలేదన్నప్పుడు నటుడు చేసిన పని ఏదీ లేదన్నట్లే. అతని స్వభావమే పాత్రగా కనిపించిందని, అదృష్టవశాత్తు ఆ రెండూ కలిశాయని అర్థం వస్తుంది. ఈ మాటకు ఎక్కువగా గురైన నటుల్లో సోమయాజులు ఒకరు. 1980లో కె. విశ్వనాథ్ దర్శకత్వంలో ‘శంకరాభరణం’ విడుదలైనప్పటి నుంచి 2004లో ఆయన మరణించే వరకు, ఆ తరువాత కూడా, ప్రేక్షకులకు ఆయన శంకరశాస్త్రి. ఈ ఏకీభావం ఎలా ఏర్పడింది, దాని వల్ల విమర్శ ఏం కోల్పోయింది అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు.

2. రామప్ప పంతులు: మరచిపోయిన సాక్ష్యం

సోమయాజులు రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన ఔత్సాహిక నటుడు. విజయనగరం నాటక వాతావరణంలో తమ్ముడు జె.వి. రమణమూర్తితో కలిసి గురజాడ ‘కన్యాశుల్కా’న్ని దశాబ్దాల పాటు ప్రదర్శించారు. రమణమూర్తిది గిరీశం పాత్ర, సోమయాజులుది రామప్ప పంతులు పాత్ర.

రామప్ప పంతులు ఎవరు? రామచంద్రపురం అగ్రహారపు కరణం. దస్తావేజుల మాయలు తెలిసినవాడు. ఎదుటివారి ముందు ప్రగల్భాలు పలికి, ఆపద రాగానే మంచం కింద దూరేవాడు. లుబ్ధావధాన్లు పెళ్లి కోసం మధురవాణి కంటెను ఎరువు తెచ్చి, దాన్ని తిరిగి ఇవ్వలేక ఆమె ముందు నీళ్లు నమిలేవాడు. ఈ పాత్రలో నవ్వు పుట్టేది దర్పానికీ పిరికితనానికీ మధ్య ఉన్న దూరం నుంచి. ఆ దూరాన్ని నటుడు ఒకే సంభాషణలో, కొన్నిసార్లు ఒకే వాక్యంలో, దాటాలి. విరిచిన రొమ్ము వంగాలి, ఎత్తిన గొంతు దిగాలి. ఆంగిక వాచికాలు రెండూ నిరంతరం రూపం మార్చుకోవాలి.

పి. పుల్లయ్య 1955లో తీసిన చిత్రంలో ఈ పాత్రను సి.ఎస్.ఆర్. ఆంజనేయులు పోషించారు. తెలుగు ప్రేక్షకుల జ్ఞాపకంలో పంతులు ముఖం ప్రధానంగా ఆయనదే. ముద్రితమైన చిత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. నాటక ప్రదర్శన ఆ రాత్రితో ముగుస్తుంది. సోమయాజులు పంతులు పాత్ర చాలామందికి వినికిడి మాత్రమే కావడానికి ఇదొక కారణం. అయితే విమర్శకునికి ఆ వినికిడి కూడా సాక్ష్యమే. కుటిలుడైన కరణాన్ని ఏళ్ల తరబడి పోషించిన శరీరమే నిష్ఠాగరిష్ఠుడైన విద్వాంసుణ్ణి కూడా పోషించిందంటే, రెండూ స్వభావాలు కాలేవు. కనీసం ఒకటైనా నిర్మాణం కావాలి. నా ప్రతిపాదన రెండూ నిర్మాణాలేనని.

3. శంకరశాస్త్రి: నిశ్చలతను నిర్మించడం

పంతులు పాత్రకు చలనం ప్రాణమైతే శాస్త్రి పాత్రకు నిశ్చలత ప్రాణం. సోమయాజులు ఇక్కడ చేసిన పని ప్రధానంగా తగ్గించడం. చేతుల కదలిక తగ్గింది. మాటల మధ్య విరామం పెరిగింది. వెన్ను నిటారుగా నిలిచింది. మైకు అందుబాటు తక్కువైన రోజుల్లో చివరి వరుసకు వినిపించేలా మాట్లాడటం నేర్చిన నటుడు, కెమెరా ముందు ఆ గొంతును దాచి ఉంచుకున్నాడు. అందుకే అది బయటపడిన చోట బలం ఎక్కువ. కూతురు శారద పరధ్యానంలో అపస్వరం పలికినప్పుడు పేరు పెట్టి గర్జించే క్షణం ప్రేక్షకులను ఉలిక్కిపడేలా చేస్తుంది. అంతసేపు పాటించిన మితమే దానికి కారణం. మైసూరు వాసుదేవాచార్యుల ఖమాస్ కీర్తనలోని ఆర్తిని విడిచి స్వరాలతో ఆడుకున్న సంగీత శిక్షకుణ్ణి మందలించే ఘట్టంలో కోపం క్రమంగా బోధగా మారుతుంది. రంగస్థలంపై ఒకే సంభాషణలో స్థాయి మార్చడం అభ్యసించిన వాచికమే ఇది. దిశ మాత్రం వేరు.

ఈ పాత్రలో మరో కష్టం ఉంది. వాచికం రెండుగా చీలింది. మాట సోమయాజులుది, పాట ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానిది. గాయకుని శ్వాసను నటుని కంఠం, భుజాలు, కనురెప్పలు తమదిగా చూపాలి. చివరి కచేరీలో పాట తెగిపోయి, దాన్ని శిష్యుడు అందుకొనే ఘట్టంలో ఈ రెండు శ్వాసల అతుకు కనిపిస్తే దృశ్యం కూలిపోయేది. చిత్తూరు నాగయ్య 1946 నాటి ‘త్యాగయ్య’లో తానే పాడి నటించారు, ఆయనకు ఈ అతుకు సమస్య లేదు. 1981లో బాపు తీసిన ‘త్యాగయ్య’లో అదే పాత్ర ధరించిన సోమయాజులుకు ఉంది. ఇద్దరినీ పోల్చేటప్పుడు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

‘శంకరాభరణా’నికి వచ్చిన జాతీయ పురస్కారాలను గమనిస్తే, కె.వి. మహదేవన్ సంగీతానికి, బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం గానాలకు గుర్తింపు దక్కింది; ఉత్తమ నటుని పురస్కారం సోమయాజులుకు రాలేదు. విమర్శ కూడా ఎక్కువగా శాస్త్రీయ సంగీత పునరుద్ధరణ, సంప్రదాయ వాదం అన్న చర్చల చుట్టూ తిరిగింది. ఆ చర్చలు అవసరమైనవే. వాటిలో సోమయాజులు సంప్రదాయానికి ప్రతీకగా నిలిచారు తప్ప, ఆ ప్రతీకను తయారుచేసిన కళాకారునిగా చర్చకు రాలేదు.

4. ఒకే మూసా?

తరువాతి చిత్రాల్లో ఆయనకు సంప్రదాయ పెద్దమనిషి పాత్రలే ఎక్కువగా దక్కాయి. ‘జీవించాడు’ అన్న ప్రశంసను పరిశ్రమ అక్షరాలా నమ్మినట్లుంది. యాభై దాటిన వయసులో ప్రసిద్ధి రావడం, సహాయ పాత్రలను రూపం బట్టి కేటాయించే అలవాటు కూడా ఇందుకు కారణాలే.

అయినా ఆ పాత్రలన్నీ ఒకటి కావు. ఎస్.ఎల్. భైరప్ప కన్నడ నవల ఆధారంగా బాపు తీసిన ‘వంశవృక్షం’లో పెద్దాయనకు, తాను ప్రాణంగా కాపాడిన వంశ పవిత్రతే భ్రమ అని తెలుస్తుంది. విశ్వనాథ్ ‘సప్తపది’లో యాజులు శాస్త్రాన్నీ మనస్సాక్షినీ తూచి, చివరకు మనవరాలిని ఆమె ప్రేమించిన దళిత యువకునితో పంపడానికి సిద్ధపడతాడు. శంకరశాస్త్రి నిశ్చలత అతని విశ్వాసానికి గుర్తు. యాజులు నిశ్చలతలో ఆ విశ్వాసం లోలోపల కదిలిపోతూ ఉంటుంది. వెలుపల అదే పంచె, అదే కండువా, అదే మితభాషణం. ఆహార్యం మారకుండా అర్థం మారిందంటే, ఆ మార్పు సాత్త్వికాభినయం నుంచే వచ్చి ఉండాలి. యాజులును శాస్త్రికి కొనసాగింపుగా చూసే పఠనం ఈ మార్పును గుర్తించలేదు.

5. ముగింపు

‘కన్యాశుల్కం’ బోధించేటప్పుడు, సోమయాజులు రామప్ప పంతులుగా ఆడారని చెబితే విద్యార్థులు నమ్మలేనట్లు చూస్తారు. ఆ ఆశ్చర్యమే ఈ వ్యాసానికి మూలం. ఒక నటుడు ఒక పాత్రను అంత నమ్మదగినట్లు పోషించడం వల్ల, అతడు మరో పాత్ర పోషించగలడన్న నమ్మకమే పోయింది. నటునికి ఇది విజయమే కావచ్చు. విమర్శకు మాత్రం ఇది వైఫల్యం.

నట విమర్శ చేయవలసింది పాత్ర ఔన్నత్యాన్ని నటునికి ఆపాదించడం కాదు; గొంతు, శ్వాస, వెన్ను, చూపు ఎక్కడ ఏ పని చేశాయో వర్ణించడం. రంగస్థల నటుల విషయంలో ఇది మరింత తక్షణ అవసరం. చిత్రం నిలుస్తుంది, ప్రదర్శన నిలవదు. సోమయాజులును పంతులుగా చూసిన ప్రేక్షకులు, ఆయనతో ఆడిన సహనటులు ఇప్పటికే పెద్దవయసువారు. వారిని ‘ఎలా ఉండేవారు?’ అని అడిగితే ‘అద్భుతం’ అన్న జవాబే వస్తుంది. మంచం కింద నుంచి లేచి పైబట్ట ఎలా దులుపుకొనేవారు, కంటె మాట ఎత్తగానే గొంతు ఎక్కడ తడబడేది అని అడగాలి. పరిశోధకులు ఆ ప్రశ్నలతో వారి దగ్గరకు వెళ్లవలసిన సమయం ఇదే.