ఎలుక ఎవరి డ్యూటీ?

పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో పనిచేసే నర్సు దృష్టిలో ప్రమాదాలు రెండు రకాలు: తన చేతి మీదుగా జరగగలిగేది ఒకటి, తాను పనిచేసే గదిలోనే కాపురమున్నది మరొకటి. మొదటిదానికి ఆమె భయపడుతుంది. రెండోదానికి మెల్లగా అలవాటుపడుతుంది.

మొదటి రకానికి ఉదాహరణ పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అందరికీ తెలిసినదే. పొలానికని తెచ్చి ఇంట్లో ఉంచిన పురుగుమందు బిడ్డ కడుపులోకి పోయి, అది ఆర్గానోఫాస్ఫేట్ జాతిదైతే, అంటే నరాల సంకేతాలను సకాలంలో ఆపే ఎంజైమును స్తంభింపజేసి ఊపిరితిత్తులను స్రావాలతో నింపే విషమైతే, విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తారు. కిలోకు 0.05 మిల్లీగ్రాముల లెక్కన 10 కిలోల బిడ్డకు తొలి మోతాదు 0.5 మిల్లీగ్రాములు, దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే అదే 5 అవుతుంది. ఛాతీలో గురగుర తగ్గేదాకా కొద్ది నిమిషాలకొకసారి మోతాదును రెట్టింపు చేస్తూ పోవలసిన ఈ వైద్యంలో మందు చాలకపోతే బిడ్డకు ఊపిరాడదు, మించితే జ్వరం, కలవరింతలు, గుండెదడ మొదలవుతాయి. కాబట్టి పక్కనున్న సిస్టర్ చేత లెక్క సరిచూపించుకోనిదే సూది ముట్టని నర్సే, ఆమె ఎంత సీనియరైనా, ఈ పనిలో నిపుణురాలు.

రెండో రకం ఇంత స్పష్టంగా కనబడదు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ సర్వజనాస్పత్రిలో వెంటిలేటర్ మీదున్న నవజాత శిశువు ఎలుకలు కొరికిన గాయాలతో మరణించడం దేశమంతటినీ కలచివేసింది. విచారణ జరిగింది, సిబ్బందిలో కొందరు సస్పెండయ్యారు, ఎలుకల వేట సాగింది. అయితే ఎలుకలు ఏ ఆస్పత్రిలోనూ ఒక్క రాత్రిలో చేరవు. రోజూ చూసే కళ్లకు అవి పారిశుద్ధ్యం వారి సంగతిగా తోస్తాయే గాని, మోతాదు పొరపాటంతటి ప్రాణాపాయంగా తోచవు. సస్పెన్షన్ ఈ చూపును మార్చదు సరికదా, చూసినది కాగితం మీద పెడితే తన మెడకే చుట్టుకుంటుందన్న భయాన్ని పెంచుతుంది.

ఆస్పత్రి సిబ్బంది కోసం అమెరికాలో రూపొంది 2006లో ప్రచురితమైన భద్రతా దృక్పథాల ప్రశ్నావళి నర్సు జాగ్రత్తను మాత్రమే అడిగి ఊరుకోకుండా, యాజమాన్యం గురించీ పని పరిస్థితుల గురించీ ఆమె ఏమనుకుంటున్నదో కూడా కొలిచింది, అది సబబే. షిఫ్టు అప్పగింతలో సెలైన్, మూత్రం, మానిటర్ అంకెలతో పాటు తలుపు కింది సందు, మోగని అలారం కూడా పుస్తకంలోకి ఎక్కాలి. రాసిన నర్సును నిలదీయకుండా, బాగుచేయవలసిన అధికారి సంతకం, తేదీ ఆ పక్కనే పడాలి.