కరువు, కాలువ, విశ్వాసం

కష్టం వచ్చినప్పుడు మనిషి దైవాన్ని తలచుకోవటం కొత్త సంగతి కాదు. వేంకటేశ్వరునికి ఆపదమొక్కులవాడని పేరు పెట్టుకున్నది తెలుగు జాతి. బిడ్డకు జబ్బు చేస్తే పోలేరమ్మకు మొక్కుకోవటం, దర్గాకు వెళ్ళి తాయెత్తు కట్టించుకోవటం ఇక్కడ ఒకే ఇంట్లో జరిగే పనులు. వీటిని ఎవరూ తప్పుపట్టరు. అయితే అదే కష్టంలో అదే మనిషి క్రీస్తును ఆశ్రయించినప్పుడు మాత్రం, ప్రతిఫలంగా ఏమి పుచ్చుకున్నాడన్న ప్రశ్న ఎదురవుతుంది. గంజి కోసం, గుడ్డ కోసం మతం మారాడన్న సమాధానం ఆ ప్రశ్న వెంటే సిద్ధంగా ఉంటుంది. ఈ సమాధానం ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించటానికి తెలుగు నేలమీద ఒక పెద్ద చారిత్రక సందర్భం ఉంది. అది ధాత కరువు. ఆ కరువును కథలో భాగం చేసుకున్న నవల కూడా ఉంది. అది జి. కళ్యాణరావు రచించిన ‘అంటరాని వసంతం’ (2000).

1876లో వానలు లేక మద్రాసు రాజధానిలో మొదలైన క్షామం 1878 వరకు సాగింది. లక్షలాది ప్రజలు ఆకలికీ, అంటువ్యాధులకూ బలి అయ్యారు. కరువు పనులలో భాగంగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలువను తవ్వించింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను నడుపుతున్న జాన్ క్లౌ ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ భాగాన్ని గుత్తకు తీసుకొని, ముఖ్యంగా మాదిగలకు పని కల్పించారు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది ముగిసేసరికి వారి సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

పైకి చూస్తే ఈ అంకెలు ‘గంజి’ సిద్ధాంతాన్నే బలపరుస్తున్నట్లు కనిపిస్తాయి. సంఘటనల క్రమాన్ని గమనిస్తే విషయం వేరుగా తోస్తుంది. కరువు సహాయం సాగినంతకాలం, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మాలను నిలిపివేశారు. అడిగినవారిని ఆగమన్నారు. సహాయం ముగిసిందని తెలిసిన తరువాతనే జనం గుంపులుగా వచ్చారు. తమకు ధనసహాయం అక్కరలేదనీ, పనిచేసి బ్రతకగలమనడానికి కాయలు కాసిన చేతులే సాక్ష్యమనీ వారు చెప్పుకున్నట్లు క్లౌ వ్రాశారు. ఇది మిషనరీ తన పనిని గురించి తానే ఇచ్చుకున్న సాక్ష్యం కనుక జాగ్రత్తగా చదవవలసినదే. అయినా గింజలు ఇచ్చినప్పుడు తలుపు మూసి ఉంచటం, గింజలు అయిపోయాక తెరవటం అన్నది గంజికి మతాన్ని అమ్ముకునే పద్ధతి కాదు.

మరొక విషయం కూడా గమనార్హం. ఈ కదలిక కరువుతో మొదలైనది కాదు. తోళ్ళ వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లోనే బాప్తిస్మం పొందాడు. అంతకుముందు ఆయన రాజయోగం బోధించే గురువులను ఆశ్రయించి సాధన చేసినవాడు. ఈ వివరాలను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథం నమోదు చేసింది. దేవుణ్ణి వెదికే తపన వాడలో ముందే ఉందని పేరయ్య జీవితం చెబుతున్నది. బంధువుల వెంట, వియ్యాలవారి వెంట పదేళ్ళపాటు ఊరూరా ప్రాకిన ఆ మాట కరువునాటికి వారికి పరాయి మాట కాదు.

మరి కరువు చేసిన పని ఏమిటి? గ్రామంలో మాదిగ జీవనం ఇచ్చిపుచ్చుకోవటాల మీద ఆధారపడి ఉండేది. చెప్పులు, తోలు బొక్కెనలు, వెట్టిచాకిరి అతడు ఇచ్చేవి. పంట కళ్ళంలో కొలిచే మేర అతడు పొందేది. పంటే లేనినాడు కొలిచే మేర లేదు. ఆ కట్టుబాటు తన ఆకలికి జవాబుదారీ కాదని అతడికి కరువు తెలియజేసింది. కాలువ గట్టున అతడికి కూలి డబ్బు చేతికి అందింది. అజమాయిషీ చేసినవారు తన వాడలనుంచి వచ్చిన బోధకులే. పగలు పని చూసి, విశ్రాంతివేళ పక్కన కూర్చుని మాట్లాడినవారు కూడా వారే. వెల్లంపల్లిలో బాప్తిస్మం ఇచ్చింది కూడా ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకున్న ఆరుగురు బోధకులే. ఆ రేవులో దిగినవారు దొర చేయి పట్టుకోలేదు, తమవారి చేయి పట్టుకున్నారు.

చరిత్ర అంకెలలో చెప్పిన ఈ సంగతికి కళ్యాణరావు నవల మనుషులను ఇచ్చింది. రూతు జ్ఞాపకాలుగా సాగే ఈ నవలలో కరువుకు తాళలేక ఎన్నెలదిన్ని విడిచిన శివయ్య, శశిరేఖ కాలువ పనికి చేరుకుంటారు. అక్కడ అంటరానివారన్న కారణంగా సాటి ఆకలిగొన్నవారే వారిని తరిమికొడతారు. ఆకలి అందరినీ సమానం చేస్తుందన్న నమ్మకాన్ని ఈ ఘట్టం తుడిచివేస్తుంది. పక్షులు పారాడే నేలమీద గుంట తవ్వే హక్కు కూడా కులాన్నిబట్టి వస్తుందని తెలిసిన మనిషికి, మార్టిన్ పలకరింపు అన్నంకన్న పెద్దది. శివయ్య సీమోను కావటం ఆ పలకరింపునుంచి పుట్టిన పరిణామం. ఈ ఘట్టాన్ని రచయిత జాలితో గాని, నిందతో గాని వ్రాయలేదు. అందువల్లనే అది నమ్మదగినదిగా ఉంది.

అయితే నవలకు ఒక పరిమితి ఉంది. రచయిత విప్లవ సాహిత్యోద్యమానికి చెందినవారు. తరువాతి తరాలు పోరాట మార్గం పట్టే కథాక్రమంలో క్రైస్తవం ఒక మజిలీగా మారుతుంది. విశ్వాసం తెచ్చిన సామాజిక ఫలితంమీద ఉన్న దృష్టి, ప్రార్థనలో మనిషి పొందే ఊరటమీద అంతగా నిలవదు. కష్టంలో మోకరించినవారి మనస్సును తెలుగు నవల ఇంకా పూర్తిగా చూడలేదనే చెప్పాలి.

విశ్వాసం కష్టాన్ని తొలగించిందా అన్నది వేరే ప్రశ్న. దానికి గుర్రం జాషువా (1895–1971) జీవితమే సమాధానం. క్రైస్తవ కుటుంబంలో పుట్టినా ఆయనకు అంటరానితనం తప్పలేదు. పేదరికం, కులభేదం తనకు ఇద్దరు గురువులని ఆయన చెప్పుకున్నారు. ‘గబ్బిలం’ (1941) కావ్యంలో ఆయన కథానాయకుడు తన గోడు విన్నవించుకున్నది కాశీలోని శివునికి. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఒకే కవి కలంనుంచి వచ్చిన ఈ రెండు కావ్యాలనూ పక్కపక్కన ఉంచి చదివితే, బాధితుడికి దేవుని పేరుకన్న తన మాట ఆలకించే చెవి ముఖ్యమని బోధపడుతుంది.

స్వతంత్ర భారతంలో ఈ చర్చకు మరొక కోణం చేరింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మతంతో ముడిపడింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని వర్తింపజేశారు గాని క్రైస్తవులకు వర్తింపజేయలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వారు వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగంలో ఉన్నారు. అంటే బాప్తిస్మం పొందిన దళితుడికి కలిగేది లాభం కాదు, చట్టరీత్యా నష్టమే. ఆ నష్టం తెలిసీ ఆదివారం మందిరానికి నడిచేవారు తెలుగు పల్లెల్లో ఉన్నారు. గంజి సిద్ధాంతం వీరిని వివరించలేదు.

కష్టకాలంలో క్రీస్తును ఆశ్రయించినవారిని ఏమి పుచ్చుకున్నారని అడిగే ముందు, ఆ కష్టంలో వారి పక్కన ఎవరు నిలిచారని అడగటం న్యాయం. గుండ్లకమ్మ రేవులో దిగిన 2,222 మందిని చరిత్ర ఒక అంకెగా మిగిల్చింది. ఆ అంకె వెనుక ఉన్న ఒక్కొక్క పేరునూ పలికించే బాధ్యత సాహిత్యానిది. ‘అంటరాని వసంతం’ ఆ పనిని ప్రారంభించింది.