పాటలో ఊట ఎక్కడుంది?

అడవి మీద మన పిల్లల వ్యాసాలు ఒకే మూసలో ఉంటున్నాయి. మొదట ఆక్సిజన్, తర్వాత వానలు, చివర నినాదం. కొండకు పేరే ఉండదు.

ఒడిశాలోని నియమగిరిని గుర్తు చేసుకుందాం. అక్కడ బాక్సైట్ తవ్వకం డోంగ్రియా కోందుల మత, సాంస్కృతిక హక్కులను దెబ్బతీస్తుందా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. చెట్ల లెక్క అధికారుల దగ్గరా ఉంది. నియమ్ రాజా ఎవరో, ఆ కొండ తమకేమవుతుందో చెప్పగలిగింది ఆ ఊళ్లవాళ్లే.

2006 అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వది చూడండి. హక్కు కోరేవారు కాక వేరే పెద్దలు చెప్పింది రాసిపెడితే అదీ సాక్ష్యమే. అదొక్కటే చాలదు, మరో ఆధారం తోడుండాలి. వంశక్రమం, పవిత్ర వనం, శ్మశానం కూడా పనికొస్తాయి.

మరి మేం వేసిన పాటల పుస్తకాలు? బాణీ రాశాం, భావం రాశాం. పాటలోని ఊట ఏ గట్టు కింద ఉందో రాయలేదు. పాడిన అవ్వ గింజల పేర్లు చెబితే, మైదానం పాఠకులకు అడ్డొస్తాయని తీసేశాం. పుస్తకం అందంగా వచ్చింది, సాక్ష్యం పోయింది. ఇది మా తప్పే.

టీచర్లు ఈసారి వ్యాసానికి ముందు పిల్లల్ని అవ్వ దగ్గరికి పంపాలి. ఊట పేరేంటి, ఏ నెలలో ఎండుతుంది, అక్కడ ఎవరికి మొక్కుతారు? కోయలో చెబితే కోయలోనే, కువిలో చెబితే కువిలోనే, తెలుగు లిపిలో రాసుకురావాలి. కింద చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వేయాలి.